భూపాలపల్లి డాక్టరమ్మకు పెద్దబాపు లేఖ

హన్మకొండ

చిరంజీవి స్వప్నకు,

పెద్దబాపు ఆశీస్సులు. పోస్టుమార్టంలు నీ వంతుకు కూడా వస్తున్నాయని, చనిపోయిన సమయం రాసే గడి దగ్గరికొచ్చేసరికి టెన్షన్ పుడుతోందని రాశావు. ఒంట్లోని బ్యాక్టీరియాను చూసి ఆ సమయం చెప్పొచ్చట, నిజమేనా అని కూడా అడిగావు. నిజమే బిడ్డా. కానీ అది నీ టెన్షన్‌ను ఇప్పటికిప్పుడు తీర్చే సంగతి కాదు. దానివల్ల నీ పని తీరు మాత్రం మారాలి.

మనిషి బతికున్నంత కాలం పేగుల్లోని బ్యాక్టీరియా అక్కడే ఉండేలా ఒళ్లు కాపలా కాస్తుంది. గుండె ఆగితే ఆ కాపలా పోతుంది. ఆక్సిజన్ అయిపోతుంది, కణాలు తమ ఎంజైములతో తామే కరుగుతాయి, పేగు గోడ పట్టు వదులుతుంది. లోపలి బ్యాక్టీరియా రక్తనాళాల వెంట బయలుదేరి కాలేయానికి, ప్లీహానికి ముందు చేరుతుంది. గుండెకు, మెదడుకు ఆలస్యంగా వెళ్తుంది. మొదట ఆక్సిజన్ వాడుకునే రకాలు మిగిలినదంతా ఖర్చు చేస్తాయి. ఆ తర్వాత గాలి అక్కర్లేని క్లాస్ట్రిడియం జాతివి పెరుగుతాయి. కుడివైపు పొత్తికడుపు మీద వచ్చే ఆకుపచ్చ మచ్చ వీటి పనే. ఇవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ హీమోగ్లోబిన్‌తో కలిస్తే ఆ రంగు వస్తుంది. మన ఎండాకాలంలో 12 నుంచి 18 గంటల్లో కనిపిస్తుంది, చలికాలంలో ఒకటి రెండు రోజులు పడుతుంది.

అసలు సంగతి ఈ వరుసలోనే ఉంది. చేనులో ఏ కలుపు లేచిందో చూసి విత్తు వేసి ఎన్నాళ్లయిందో మీ బాపు చెప్పేస్తాడు కదా, ఇదీ అంతే. 2013లో అమెరికాలో జెస్సికా మెట్‌కాఫ్ బృందం చచ్చిన ఎలుకల మీద 48 రోజుల పాటు సూక్ష్మజీవుల మార్పులు గమనించి, చావు సమయాన్ని సుమారు మూడు రోజుల తేడాతో అంచనా వేయగలిగింది. తర్వాత కొలరాడో, టెనెసీ, టెక్సస్‌లలో 36 మానవ దేహాలను 21 రోజులు పరిశీలించారు. వాతావరణాలు వేరైనా, దేహాన్ని కుళ్లబెట్టే ముఖ్యమైన సూక్ష్మజీవులు, ఓ ఇరవై రకాలు, అన్నిచోట్లా అవే కనిపించాయి. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అక్కడా తేడా మూడు రోజులే. చనిపోయిన మర్నాడు దొరికిన దేహానికి మూడు రోజుల తేడా ఏం ఉపయోగం? పదిహేను రోజుల తర్వాత అడవిలో దొరికినదానికైతే అదే బంగారం. పైగా ఆ లెక్క మన బొగ్గుబావుల ఎండకు కూడా సరిపోతుందని ఎవరూ రాసివ్వలేరు. అందుకే రిపోర్టులో దాని పేరెత్తకు.

మే నెలలో నీకు ఇంకో చిక్కు ఉంటుంది. బయట 44 డిగ్రీలుంటే శవం చల్లబడదు, వేడెక్కినా వేడెక్కుతుంది. కాబట్టి ఒంటి వేడి ఎంత తగ్గిందో చూసి సమయం చెప్పే లెక్క పనిచేయదు. బిగుసుకోవడం కూడా తొందరగా వచ్చి తొందరగా పోతుంది. అందుకే దేహం ఎక్కడెక్కడ, ఎంతసేపు ఉందో అడిగి రాసుకో. నీళ్లు పోశారా, ఐస్ పెట్టారా, ఫ్రీజర్ బాక్స్ ఎప్పుడు తెచ్చారు, మధ్యలో కరెంటు పోయిందా అని ఇంటివాళ్లను అడుగు. బావిలోంచి తీసిన దేహమైతే తీసిన సమయం పంచనామాలో ఉందో లేదో చూడు. నీళ్లలో కుళ్లడం నెమ్మదిగా సాగుతుంది, బయటికి తీశాక ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. చనిపోయే ముందు ఒళ్లంతా ఇన్‌ఫెక్షన్ ఉందేమో కూడా తెలుసుకో, అలాంటి దేహం త్వరగా పాడవుతుంది.

ఇక మందు సంగతి. దీని మీద నాకు కోపం ఎక్కువ. "తాగి బావిలో పడ్డాడు సార్" అని పోలీసులు ముందే చెప్పేస్తారు. రక్తంలో ఆల్కహాల్ కూడా కనిపిస్తుంది. కానీ కుళ్లుతున్న దేహంలో బ్యాక్టీరియా, ఈస్టులు చక్కెరను పులియబెట్టి ఆల్కహాల్‌ను తామే తయారు చేస్తాయి. చుక్క ముట్టని మనిషి రక్తంలోనూ అది కనిపించవచ్చు. రిపోర్టులో తాగుబోతు అని పడితే ఆ ఇంటికి ప్రమాద బీమా దగ్గర పేచీ, ఊళ్లో మాట. అందుకే ఆల్కహాల్ పరీక్షకు తీసే రక్తం తొడ రక్తనాళం నుంచి తియ్యి, గుండె దగ్గరిది వద్దు. సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలోనే పొయ్యి, అది సీసాలో పులియకుండా ఆపుతుంది. దానితో పాటు కంటి లోపలి ద్రవం కూడా తియ్యి. బ్యాక్టీరియా అక్కడికి ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అది ఎక్కువ నమ్మదగ్గది. రక్తంలో ఉండి కంట్లో లేకపోతే ఆ ఆల్కహాల్ ఎక్కడిదో ఆలోచించాలి.

సూక్ష్మజీవుల నమూనా ప్రతి కేసులో అక్కర్లేదు. గుర్తు తెలియని, చాలా రోజుల దేహమైతే ముందు ల్యాబుకు ఫోన్ చేసి, వాళ్లు తీసుకుంటామంటేనే తియ్యి. తీస్తే కడగకముందే, కోయకముందే తియ్యాలి. స్టెరైల్ స్వాబ్‌తో నోటి నుంచి, చర్మం మీది నుంచి తియ్యి. దేహం కింది మట్టిని ఘటనాస్థలిలోనే విడిగా తీయించు. ప్రతి చోటికీ గ్లౌజులు మార్చు. ఫార్మలిన్ పడితే డీఎన్‌ఏ పాడవుతుంది, విసెరాకు, అంటే పరీక్షకు పంపే లోపలి అవయవాలకు, వాడే ఉప్పు నీళ్లు కూడా దీనికి వద్దు. ఐస్ ప్యాకులు పెట్టిన టీకాల డబ్బా ఒకటి విడిగా అడిగి పెట్టుకో, టీకాలు పెట్టేదే దీనికి వాడకు. సీలు, సంతకం, సమయం సరేసరి.

సమయం గడిలో "ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య" అని రాసి, ఎందుకలా అనుకున్నావో కింద రెండు ముక్కలు పెట్టు. ఒకే సమయం రాయమని ఎస్సై ఒత్తిడి చేస్తాడు. రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు నిలదీసేది నిన్ను, ఆయన్ను కాదు. నీ చేయి దాటిన కేసనిపిస్తే మొహమాటపడకుండా కాగితం మీద రాసి వరంగల్ ఎంజీఎం మార్చురీకి పంపమను.

మార్చురీ గది వేడి కొలవడానికి అక్కడ ఏమీ లేదన్నావు. నా దగ్గరున్న పొడవాటి థర్మామీటర్ ఆర్టీసీ కార్గోలో పంపుతున్నా. డిపోకు వెళ్లి తీసుకో, గాజుది, జాగ్రత్త.

నీ పెద్దబాపు