నీ గ్రహాంతరవాసి అన్నీ చెప్పేసింది

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటి పన్నెండు పేజీలు బాగున్నాయి, ఆ నౌకలో ఆక్సిజన్ తగ్గిపోతుండగా వాళ్లు మాటలు కూడా పొదుపుగా వాడుకోవడం చదువుతుంటే నాకే ఊపిరాడలేదు. కానీ గ్రహాంతరవాసి దిగీ దిగగానే తనెవరో, ఎందుకొచ్చిందో, మనుషుల్లో లోపమేంటో నాలుగు పేజీల్లో పూసగుచ్చినట్టు చెప్పేసింది. కథ అక్కడే ఆగిపోయింది. ఆ నాలుగు పేజీల కోసమే ఈ ఉత్తరం.

నువ్వు స్తానిస్వాఫ్ లెమ్‌ని చదవాలి. పోలండ్ రచయిత, 2006లో క్రాకోవ్‌లో పోయాడు. నేను చదివిన సైన్స్ ఫిక్షన్ వాళ్లలో 'తెలియదు' అన్న మాట మీద ఇంత పెద్ద నవలలు నిలబెట్టినవాళ్లు ఇంకెవరూ లేరు. 1961లో వచ్చిన 'సోలారిస్' తీసుకో. ఒక గ్రహాన్ని దాదాపుగా కప్పేసిన సముద్రం, ఆ సముద్రమే ఒక ప్రాణి. మనుషులు తరాల తరబడి దాన్ని పరిశోధిస్తారు, లైబ్రరీలు నిండేన్ని పుస్తకాలు రాస్తారు, దాని మీద తేలే ఆకారాలకు పేర్లు పెట్టి వర్గీకరిస్తారు, సిద్ధాంతాల కోసం గొడవలు పడతారు, అది మాత్రం ఒక్క ముక్క జవాబివ్వదు. పైగా అక్కడి స్టేషన్‌లో ఉన్నవాళ్ల మనసుల్లో అట్టడుగున పడున్నదాన్ని బయటికి తీసి మనిషి రూపంలో ఎదురుగా నిలబెడుతుంది. ఆ స్టేషన్‌కి కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త కెల్విన్ దగ్గరికి, ఎప్పుడో ఆత్మహత్య చేసుకున్న భార్య వచ్చి కూర్చుంటుంది. అది శిక్షా, కానుకా, ప్రయోగమా, పుస్తకం మూసేశాక కూడా మనకి తెలీదు. కెల్విన్ స్టేషన్‌లో అడుగుపెట్టినప్పుడు అక్కడ ఏం ఎదురవుతుందో రాస్తున్న తనకీ తెలియదని లెమ్ తర్వాత చెప్పాడు. చాలావరకు రాసేసి, చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయి, దాన్ని ఓ ఏడాది తర్వాత పూర్తిచేశాడు. కాబట్టి ముగింపు తోచడం లేదని నువ్వు టెన్షన్ పడి ఆ ఉపన్యాసం పెట్టి ఉంటే, అలా పెట్టక్కర్లేదు. ఆగు.

ఇదేదో టెక్నిక్ అనుకునేవు, అందుకే ఆయన జీవితం కొంచెం చెప్పాలి. 1921లో ల్వోవ్‌లో పుట్టాడు, అప్పుడది పోలండ్, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ల్వీవ్. నాన్న చెవి, ముక్కు, గొంతు డాక్టరు, యూదు కుటుంబం. చిన్నప్పుడు క్లాసులో కూర్చుని, ఊహలోని రాజ్యాలకి పాస్‌పోర్టులు, అనుమతి పత్రాలు తయారు చేసేవాడట, సీళ్లతో సహా. తర్వాత యుద్ధం వచ్చింది, 1939లో సోవియట్లు, 1941లో జర్మన్లు. ఆ పిల్లాడే పెద్దయ్యాక దొంగ కాగితాల మీద బతకాల్సి వచ్చింది, ఒక జర్మన్ కంపెనీలో మెకానిక్‌గా, వెల్డర్‌గా పనిచేస్తూ. అమ్మా నాన్నా మిగిలారు, బంధువుల్లో చాలామందిని చంపేశారు. 1968 నాటి 'హిజ్ మాస్టర్స్ వాయిస్' నవలలో ఒక శాస్త్రవేత్త, తనని కాల్చి చంపే వంతు కోసం ఓ జైలు ఆవరణలో ఎదురుచూసిన సంగతి చెప్తాడు. అది 1941లో ల్వోవ్‌లో తనకు జరిగిందేనని లెమ్ తన అమెరికన్ అనువాదకుడికి ఉత్తరం రాశాడు. నవల్లో తన పేరు పెట్టలేదు, వేరే మనిషి నోట చెప్పించాడు. ఆ నవల కూడా ఆకాశం నుంచి వచ్చిన ఒక సంకేతాన్ని మనుషులు అర్థం చేసుకోలేకపోవడం గురించే. ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నదానికి కారణం దొరకని రోజులు చూసినవాడు, విశ్వం మనకి సంజాయిషీ ఇస్తుందని రాయలేడు. నాకలా అనిపిస్తుంది.

అలాగని తెలియదన్న మాట బద్ధకానికి పనికిరాదు. యుద్ధం తర్వాత క్రాకోవ్‌లో మెడిసిన్ చదివాడు, పాసైతే సైన్యంలో డాక్టరుగా ఉండిపోవాల్సి వస్తుందని చివరి పరీక్షలు పూర్తిచేయలేదు. ఆ రోజుల్లోనే ఒక సైన్స్ బృందంలో సహాయకుడిగా చేరి, విదేశాల నుంచి వచ్చే కొత్త పుస్తకాలు, సైబర్నెటిక్స్ (యంత్రాలు, ప్రాణులు తమని తాము ఎలా అదుపు చేసుకుంటాయో చెప్పే శాస్త్రం) సహా, విపరీతంగా చదివాడు. 1964లో 'సుమ్మా టెక్నాలజియే' అనే పుస్తకం రాసేటప్పటికి, మనం ఇప్పుడు వర్చువల్ రియాలిటీ అంటున్నదాని గురించి ఒక అధ్యాయమే రాయగలిగాడు. నువ్వు కూడా నీ గ్రహం వాతావరణం గురించి ఒక నోటుబుక్ నిండా లెక్కలు వేసుకో, కథలోకి నాలుగు వాక్యాలే రానీ. మిగతాది కనపడకపోయినా పాఠకుడికి ఆ బరువు తెలుస్తుంది. తెలిసినదంతా తెలుసుకున్నాక మిగిలే చీకటి వేరు, చదవక మిగిలే చీకటి వేరు.

ఇంకో సంగతి. 'సోలారిస్' ఇంగ్లీషులో చదువుతావుగా, 1970 నాటి అనువాదం ఫ్రెంచి నుంచి చేసింది, అది లెమ్‌కి నచ్చలేదు. 2011లో బిల్ జాన్‌స్టన్ నేరుగా పోలిష్ నుంచి చేసింది ఉంది, అదే తెచ్చుకో. ఈ నవల మీద తార్కోవ్‌స్కీ తీసిన సినిమా ఇప్పుడే చూడకు, సినిమా గొప్పదే, కానీ ముందే చూస్తే ఆ సముద్రం నీ ఊహలో పుట్టదు.

చదివాక నీ పదమూడో పేజీ దగ్గరికి రా. ఆ జీవిని మాట్లాడనివ్వకు. నీ కెప్టెన్ దాని ముందు కూర్చుని తనకొచ్చిన భాషలన్నిట్లో ఒక్కో మాటా అంటూ, ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసుకుంటూ ఉండనీ. అక్కడి నుంచి ఏం జరుగుతుందో నీకే తెలియకుండా రాసి, దీపావళిలోపు నాకు పంపు.

అక్క