కూలెంట్ సెన్సార్ మార్చినా పి0118 మళ్ళీ వస్తోందా? ముందు వైరును చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది: స్టార్ట్ చేసిన కాసేపటికే రేడియేటర్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది, స్కానర్‌లో (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరంలో) పి0118 కోడ్ వస్తోంది. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్ సెన్సార్ కొత్తది వేయించినా కొన్నాళ్ళకే అదే కోడ్ మళ్ళీ వచ్చింది. ఇప్పుడు మెకానిక్ ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మార్చాలంటున్నారు. దయచేసి ఆ ఖర్చు అప్పుడే పెట్టకండి. నా కారుకూ సరిగ్గా ఇదే జబ్బు వచ్చింది. చివరికి తేలింది ఈసీయూ కాదు, సెన్సారూ కాదు, వైరు.

పి0118 వచ్చిందంటే సెన్సార్ పోయిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: ఆ సర్క్యూట్‌లో వోల్టేజీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. ఈసీయూ తన లోపలున్న ఒక రెసిస్టర్ గుండా సెన్సార్‌కు 5 వోల్టులు పంపుతుంది. ఇంజన్ వేడెక్కేకొద్దీ సెన్సార్ రెసిస్టెన్స్ (కరెంటును అడ్డుకునే గుణం) తగ్గుతుంది, దాంతో వోల్టేజీ కూడా దిగుతుంది. వైరు తెగినా, కనెక్టర్ పిన్ను వదులైనా ఆ 5 వోల్టులు దిగకుండా అలాగే నిలబడతాయి. ఈసీయూకి అది విపరీతమైన చలిలా కనిపిస్తుంది, చాలా కార్లలో స్కానర్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంది. ఆ రీడింగును నమ్మడానికి లేదు కాబట్టి ఇంజన్‌ను కాపాడటానికి ఈసీయూ ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతుంది. అంటే మీ ఫ్యాన్ సరిగ్గానే పనిచేస్తోంది. దీనికి తలకిందులు పి0117. అది వోల్టేజీ మరీ తక్కువైనప్పుడు, ఎక్కువగా షార్ట్ అయినప్పుడు వస్తుంది.

కోడ్ చదివి ఆపేయకుండా స్కానర్‌లో లైవ్ డేటా (సెన్సార్ల అప్పటికప్పటి రీడింగులు) చూడండి. అసలు సంగతి అక్కడ ఉంటుంది. కారును రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేసి, కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ (ఇంజన్‌లోకి పోయే గాలి వేడి) రెండూ చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉంటుంది కాబట్టి రెండూ దాదాపు ఒకటే ఉండాలి, కొద్ది డిగ్రీల తేడా ఫర్వాలేదు. ఆ తర్వాత స్టార్ట్ చేసి అంకె ఎలా పెరుగుతుందో గమనించండి. బాగున్న ఇంజన్‌లో అది నెమ్మదిగా పెరిగి, థర్మోస్టాట్ (కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకునే దగ్గర, అంటే చాలా కార్లలో 82 నుంచి 92 డిగ్రీల మధ్య, కుదురుకుంటుంది.

నా కారులో అంకె చక్కగా 88 దాకా వచ్చింది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కి వదలగానే ఒక్కసారిగా మైనస్ 40కి పడిపోయి, వెంటనే మళ్ళీ 87కి వచ్చింది. ఇంజన్‌లో ఉన్న లీటర్ల కొద్దీ నీళ్ళు రెప్పపాటులో గడ్డకట్టి మళ్ళీ కాగడం జరిగే పని కాదు. కాబట్టి అంకె నెమ్మదిగా జరిగితే వేడి సంగతి చూడాలి, గెంతితే కరెంటు సంగతి చూడాలి. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

తర్వాత సెన్సార్ కనెక్టర్ పీకి చూశాను. అప్పుడు మైనస్ 40 రావాలి, వచ్చింది. కనెక్టర్‌లోని రెండు పిన్నులను చిన్న వైరు ముక్కతో కలిపాను. అంకె 130 దాటి పైకి పోవాలి, పోయింది. (రెండు వైర్ల సెన్సార్‌కే ఇలా చేయాలి. మూడు, నాలుగు వైర్లుంటే మీటర్ ముల్లుకూ అదే సెన్సార్ పనిచేస్తూ ఉండవచ్చు, వైరింగ్ డయాగ్రం చూడకుండా ముట్టుకోకండి.) రెండూ సరిగ్గా వస్తే ఈసీయూ, వైరింగ్ ఆ క్షణానికి బాగున్నట్టు. "ఆ క్షణానికి" అని ఎందుకంటున్నానంటే ఇలా వచ్చిపోయే లోపం పరీక్ష సమయంలో దాక్కుంటుంది. అందుకే కనెక్టర్ మళ్ళీ పెట్టి, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా, ఫ్యాన్‌కూ బెల్టుకూ చేతులు దూరంగా ఉంచుకుని, వైరును కొద్దికొద్దిగా కదుపుతూ స్కానర్ చూశాను. కనెక్టర్ వెనకాలే ఒకచోట పట్టుకోగానే అంకె పడిపోయింది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరలేదు, కంటికి ఏమీ కనిపించలేదు. మెల్లగా లాగితే అక్కడ మాత్రం రబ్బరులా సాగింది, లోపల రాగి తీగ తెగిపోయి ఉంది. ఆ వైరు బిగుతుగా ఉండటంతో ఇంజన్ కదిలినప్పుడల్లా లాగుడు పడి తెగింది. తెగిన భాగం కత్తిరించి, కొత్త ముక్క కలిపి సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని పట్టేసే ప్లాస్టిక్ గొట్టం) వేసి, కాస్త వదులు ఉండేలా కట్టాక కోడ్ మళ్ళీ రాలేదు.

కొత్త సెన్సార్ మీద అనుమానం ఉంటే మల్టీమీటర్‌తో కొలవండి. మోడల్‌ను బట్టి మారినా, సాధారణంగా 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓములు, 80 డిగ్రీల దగ్గర 300 ఓముల చుట్టుపక్కల ఉంటుంది. పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉందేమో కూడా చూడండి.

ఒక మాట అడగాలి: సెన్సార్ మార్చినప్పుడు కొంత కూలెంట్ కారిపోయి ఉంటుంది కదా, మళ్ళీ నింపి గాలి తీశారా? సెన్సార్ మొన నీళ్ళలో కాకుండా గాలి బుడగలో ఉంటే రీడింగ్ తప్పుతుంది, ఇంజన్ నిజంగా కాగుతున్నా తెలియదు. డ్యాష్‌బోర్డు ముల్లు మీద ఆధారపడకండి, చాలా కార్లలో అది కొన్ని డిగ్రీల తేడాకు కదలకుండా మధ్యలోనే నిలబడేలా చేస్తారు. లెవెల్ చూడటానికి మాత్రం ఇంజన్ పూర్తిగా చల్లారే దాకా ఆగండి. మూత బిగించి ఉన్నప్పుడు ప్రెషర్ వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు, వేడి మీద మూత తిప్పితే ఆ ప్రెషర్ పోయి ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది.

ఇన్ని చూశాక కూడా తేలకపోతే, డయాగ్రం దగ్గర పెట్టుకుని ఈసీయూ ప్లగ్ దగ్గరే సెన్సార్ సిగ్నల్ వైరును సెన్సార్ గ్రౌండ్ వైరుకు కలిపి చూడమని మెకానిక్‌కు చెప్పండి. అక్కడ కలిపితే అంకె పైకి పోయి, సెన్సార్ కనెక్టర్ దగ్గర కలిపితే పోకపోతే లోపం మధ్యలోని వైరుది. అక్కడ కలిపినా మైనస్ 40 కదలకపోతే, ఆ ప్లగ్ పిన్నులు కూడా శుభ్రంగా ఉంటే, ఈసీయూ గురించి అప్పుడు ఆలోచించండి.