‘పాజిటివ్‌గా ఉండండి’ అనే మాట ఆపేసి చూడండి

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పెళ్లయి తొమ్మిదేళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఆయనకు 36 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 12 ఏళ్ల అనుభవం. ఐదు నెలల కిందట ప్రాజెక్టు మూసేశామని మూడు నెలల జీతం చేతిలో పెట్టి పంపేశారు. అప్పటి నుంచి 200కు పైగా అప్లికేషన్లు పెట్టారు. నాలుగు చోట్ల ఆఖరి రౌండు దాకా వెళ్లి ఆగిపోయింది. ఇప్పుడు రాత్రి రెండింటి దాకా ఫోను చూస్తారు, పొద్దున పది దాటాక లేస్తారు. ‘పాజిటివ్‌గా ఉండండి, అంతా మంచే జరుగుతుంది’ అంటే విసుక్కుంటారు, లేదా అసలు మాట్లాడరు. అత్తమామలకు ఇంకా చెప్పలేదు. పోయిన నెల అత్తమ్మ వచ్చి పది రోజులుంటే, రోజూ ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 28 వేలు. అద్దె, బాబు ఫీజు అన్నీ కలిపి నెలకు 58 వేలు అవుతోంది. బ్యాంకులో 4 లక్షల 20 వేలున్నాయి. నాకూ నిద్ర పట్టడం లేదు. ఆయన్ని మళ్లీ మామూలు మనిషిని చేసేదెలా?
— ఒక సోదరి, మారతహళ్లి

మీ ఉత్తరంలో అన్నిటికన్నా బాధపెట్టింది ఆ ల్యాప్‌టాప్ బ్యాగు సంగతి. పది రోజులు రోజంతా ఎక్కడ కూర్చున్నారో, ఏం తిన్నారో ఆయనకే తెలుసు. ఆ పది రోజుల్లో ఆయన మోసినది ఉద్యోగం లేదన్న దిగులు ఒక్కటే కాదు, దాన్ని దాచే బరువు కూడా. ముందు దించాల్సింది ఆ రెండో బరువు. దాని గురించి కొంచెం తర్వాత చెబుతాను.

మొదట, ‘పాజిటివ్‌గా ఉండండి’ అనడం మానేయండి. మీరు ప్రేమతోనే అంటున్నారు. ఆయన చెవికి మాత్రం ‘తప్పు నీ మనసులో ఉంది’ అని వినబడుతోంది. భయంగా ఉందని చెప్పుకోవడానికి ఇంట్లో చోటు లేకపోతే ఆ భయం విసుగై బయటపడుతుంది. అలాగే, స్కూలు నుంచి రాగానే ‘ఏమైనా మెయిల్ వచ్చిందా?’ అని అడిగే అలవాటుంటే అదీ వద్దు. వచ్చి ఉంటే ఆయనే చెబుతారు. రాలేదంటే ఆ ప్రశ్నకు రోజూ ‘లేదు’ అని జవాబు చెప్పాలి, అది రోజుకొక చిన్న ఓటమి. దానికి బదులు వారానికి ఒక్కసారి, ఆదివారం సాయంత్రం, బాబు ఆడుకోవడానికి వెళ్లినప్పుడు అరగంట కూర్చోండి. ఉద్యోగం మాట, డబ్బు మాట అప్పుడే. మిగతా ఆరు రోజులు ఇంట్లో మామూలు మాటలే ఉండాలి.

ఆలస్యంగా లేవడం సోమరితనం కాదని కూడా గుర్తుంచుకోండి. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లో మారియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని లేకుండా మిగిలింది. 1931, 32 సంవత్సరాల్లో మేరీ యహోదా, ఆమె తోటి పరిశోధకులు అక్కడ జనం రోజులు ఎలా గడుస్తున్నాయో దగ్గరుండి చూశారు. చేతినిండా తీరిక దొరికింది కదా, చదువుకుంటారని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. లైబ్రరీ నుంచి తీసుకెళ్లే పుస్తకాలు సగానికి దగ్గరగా పడిపోయాయి. మగవాళ్ల నడకే నెమ్మదించింది. ఉద్యోగం జీతంతో పాటు లేవడానికి ఒక వేళ, మాట్లాడటానికి నలుగురు, చేయడానికి ఒక పని, చెప్పుకోవడానికి ఒక గుర్తింపు ఇస్తుంది. అది పోయినప్పుడు ఇవన్నీ ఒక్కసారే పోతాయి. ఉత్సాహం తెచ్చుకుని వీటిని కట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వీటిని కట్టుకుంటే ఉత్సాహం మెల్లగా వెనకాల వస్తుంది.

అందుకని రోజుకు రెండు మేకులు కొట్టండి. ఒకటి, బాబును స్కూలు బస్సు ఎక్కించే పని ఆయనకు అప్పగించండి. లేచి తీరాల్సిన పని అది. ‘మీరు ఖాళీగానే ఉన్నారుగా’ అని మాత్రం అనకండి, ‘పొద్దున నాకు అందడం లేదు, మీరు చూసుకోండి’ అనండి. నిజం కూడా అదే కదా. రెండోది, రాత్రి పదిన్నరకు ఫోను వంటింట్లో ఛార్జింగుకు పెట్టడం. మీ ఫోను కూడా. ఒక్కరి ఫోను పెట్టిస్తే శిక్షలా ఉంటుంది.

ఇక్కడి నుంచి ఆయన చదవాల్సింది. చూపించండి.

వెతుకులాటకు రోజుకు నాలుగు గంటలు చాలు, తొమ్మిదిన్నర నుంచి ఒకటిన్నర వరకు. మంచం మీద కాదు, బల్ల దగ్గర. రోజంతా ఉద్యోగాల పోర్టల్ తెరిచి కూర్చుంటే పని జరగదు, అలసట మాత్రం నిజంగానే వస్తుంది. వారంలో రెండు రోజులు ఇల్లు కదలండి. కుందలహళ్లి దాకా వెళ్లి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే కబ్బన్ పార్కులో దిగవచ్చు. పార్కులోనే స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, సెలవు రోజేదో కనుక్కుని వెళ్లండి. ఈసారి బ్యాగు తగిలించుకుని వెళ్లేది దాక్కోవడానికి కాదు, పనికి.

200 అనే అంకె గురించి. దాన్ని మొత్తంగా చూస్తే భయమేస్తుంది, విడదీసి చూస్తే దారి కనిపిస్తుంది. 50 అప్లికేషన్లకు ఒక్క ఫోను కూడా రాకపోతే తేడా రెజ్యూమేలో ఉన్నట్టు, లేదా సరిపడని ఉద్యోగాలకు పెడుతున్నట్టు. ఫోన్లు వచ్చి మొదటి టెక్నికల్ రౌండులోనే ఆగిపోతుంటే చదవాల్సింది మిగిలి ఉన్నట్టు. మీరు నాలుగుసార్లు ఆఖరి దాకా వెళ్లారు. అంటే ఆ నాలుగు చోట్లా మీ రెజ్యూమే పనిచేసింది, మీ పనితనం వాళ్లకు నచ్చింది. ఇంకో 200 పెట్టడం మీకు మందు కాదు. ఆఖరి రౌండులో ఏం జరుగుతోందో చూడాలి. అక్కడ సాధారణంగా మూడు చోట్ల తెగుతుంది. జీతం దగ్గర, ‘ఎందుకు మానేశారు’ అన్న ప్రశ్న దగ్గర, మీ చేతిలో లేని కారణాల దగ్గర. లోపలి మనిషికే ఇవ్వాలని ముందే అనుకోవడం, ఆ పోస్టునే ఆపేయడం లాంటివి ఈ మూడో రకం. దానికి మీరు చేయగలిగింది ఏమీ లేదు, దాన్ని మీ లెక్కలో వేసుకోకండి.

‘ఎందుకు మానేశారు’ అన్న ప్రశ్న దగ్గర మాత్రం చేయగలిగింది చాలా ఉంది. 12 ఏళ్లు పనిచేసిన మనిషిని ఒక్క సమావేశంలో పంపేస్తే కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ కోపం గొంతులో మిగిలి ఉంటే ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది. 1994లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఉద్యోగం పోయిన ఇంజనీర్లలో కొందరి చేత వరసగా ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలు, ఆ పోవడం గురించి తమ మనసులో ఉన్నదంతా రాయించారు. రాసినవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ అప్లికేషన్లేమీ పెట్టలేదు. అయినా కొన్ని నెలల తర్వాత చూస్తే వాళ్లలోనే ఎక్కువమందికి ఉద్యోగాలు దొరికాయి. కోపం కాగితం మీద దిగిపోయాక ఇంటర్వ్యూలో మనిషి తేలికపడి ఉంటాడన్నది దానికి చెప్పుకున్న వివరణ. కాబట్టి ఐదు రోజులు రాయండి. పెన్నుతో, తెలుగులో, తప్పులు చూసుకోకుండా. ఎవరికీ చూపించకండి, చివరికి చించేయండి. రాసిన కాసేపు మనసు బరువెక్కడం మామూలే. రోజు రోజుకూ ఇంకా కుంగదీస్తుంటే మాత్రం ఆపేయండి.

తర్వాత ఆ ప్రశ్నకు జవాబును మూడే వాక్యాల్లో పెట్టుకోండి. ‘మా ప్రాజెక్టు మూసేశారు, దాంతో నన్నూ పంపేశారు. ఈ ఐదు నెలల్లో ఫలానాది నేర్చుకుని ఇది తయారు చేశాను. వెంటనే చేరగలను.’ అంతే, అక్కడ ఆగాలి. పాత మేనేజర్ ఊసు రాకూడదు. ఇంటర్వ్యూకు ముందు పదిసార్లు పైకి చెప్పి చూసుకోండి, ఫోనులో రికార్డు చేసి వినండి. ‘వెంటనే చేరగలను’ అన్నది చిన్న మాట కాదు. ఈ ఊళ్లో చాలామందికి 90 రోజుల నోటీసు పీరియడ్ ఉంటుంది, మనిషి కావలసిన టీముకు అన్ని రోజులు ఆగడం కష్టం. నౌకరీ అనే ఉద్యోగాల సైటులోని మీ ప్రొఫైల్లో ఆ వివరం మొదటి వరసలోనే కనబడాలి. రిక్రూటర్లు ఈమధ్య సైటులోకి వచ్చినవాళ్లనే వడపోసి చూస్తారు కాబట్టి ప్రొఫైలును వారానికి రెండు మూడుసార్లు ముట్టుకుంటూ ఉండండి.

మీ అనుభవం ఎక్కువగా మాన్యువల్ టెస్టింగే అయితే మధ్యాహ్నాలు రెండు గంటలు ఆటోమేషన్‌కు, అంటే పరీక్షలను ప్రోగ్రాముతో నడిపించడానికి, ఇవ్వండి. అందుకు వాడే సెలీనియం లేదా ప్లేరైట్, ఏదో ఒకటి. పోస్ట్‌మన్‌తో ఏపీఐ టెస్టింగ్ కూడా. సర్టిఫికెట్ల వెంట పడకండి, కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో చూపించగల ఒక చిన్న ఫ్రేమ్‌వర్క్ ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అదే ఆధారం.

ఉద్యోగం లేని ఈ నెలల ఖాళీని కప్పడానికి రెజ్యూమేలో తేదీలు సాగదీయకండి. దాన్ని ‘సర్దేస్తాం’ అనే కన్సల్టెన్సీలు మారతహళ్లి, బీటీఎం చుట్టుపక్కల తగులుతూనే ఉంటాయి. కొత్త కంపెనీ వాళ్లు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడిగితే చేరిన రోజు, మానిన రోజు రెండూ అందులో ఉంటాయి. చేతికొచ్చిన ఆఫరు పోతుంది. పాత కంపెనీ మీ మానిన తేదీ వేసిందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. వేయకపోతే, ఆఖరి పీఎఫ్ వాటా పడి రెండు నెలలు దాటాక పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. ఇక ఉద్యోగానికి డబ్బు అడిగేవాళ్లు, అది డిపాజిట్ అన్నా ట్రైనింగ్ ఫీజు అన్నా, మోసగాళ్లే. పొరపాటున కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలి.

పరిచయాల విషయానికొస్తే, దగ్గరి స్నేహితులకు తెలిసిన ఖాళీలు చాలావరకు మీకూ తెలిసినవే. మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లోనే చూపించాడు, ఉద్యోగం కబురు ఎక్కువగా ఎప్పుడో ఒకసారి కలిసే పరిచయస్తుల నుంచి వస్తుందని. ఆరేళ్ల కిందట పక్క సీట్లో కూర్చున్నవాడు, క్లయింటు తరఫున మాట్లాడిన మనిషి, ఇలాంటివాళ్లకు రోజుకు ఇద్దరికి రాయండి. ‘ఏదైనా ఉంటే చెప్పన్నా’ అని రాస్తే వాళ్లకు ఏం చేయాలో తెలియదు. ‘అన్నా, మీ కంపెనీ సైటులో ఈ జాబ్ ఐడీ చూశాను, నా పనికి దగ్గరగా ఉంది. రెఫర్ చేయగలవా? రెజ్యూమే పంపిస్తున్నా’ అని రాయండి. అవతలివాళ్లకు ఐదు నిమిషాల పని. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారే గుర్తు చేయండి.

డబ్బు లెక్క ఇద్దరూ కలిసి చేయండి. ఖర్చు 58 వేలు, వచ్చేది 28 వేలు, తేడా 30 వేలు. ఉన్న 4 లక్షల 20 వేలలో 60 వేలు ఆసుపత్రి అవసరానికని ముట్టుకోకుండా పక్కన పెట్టినా 12 నెలలు గడుస్తుంది. రాత్రి రెండింటికి భయం ‘వచ్చే నెలే రోడ్డున పడతాం’ అంటుంది, కాగితం ఏడాది అంటోంది. ఈ అంకెను ఫ్రిజ్ మీద అంటించినా తప్పులేదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోయి ఉంటుంది. కుటుంబానికంతటికీ సొంత పాలసీ తీసుకోకపోతే మాత్రం ఈ లెక్క ఒక్క జ్వరానికి తారుమారవుతుంది, ఇది వాయిదా వేయకండి. క్రెడిట్ కార్డు మీద కనీస మొత్తం మాత్రమే కడుతూ పోకండి, పీఎఫ్‌ను ఆఖరికి ఉంచండి.

ఇప్పుడు మళ్లీ మీకు, అత్తమామల సంగతి. చెప్పాల్సింది ఆయనే, మీరు కాదు. మీరు చెబితే ఆయన వెనక జరిగినట్టు ఉంటుంది. సాయంత్రం వద్దు, చెప్పిన తర్వాత వాళ్లకు రాత్రంతా నిద్ర ఉండదు. పొద్దున, ముందు మామగారికి. ‘నాయనా, నా ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. ఇల్లు గడవడానికి ఏడాదికి సరిపడా ఉంది, అప్పు చేయలేదు. నాలుగు చోట్ల ఆఖరి దాకా వెళ్లాను, వెతుకుతున్నాను. నువ్వు దిగులు పడతావని చెప్పలేదు, అది తప్పే. అమ్మకు నువ్వే నిదానంగా చెప్పు.’ ఇంత చాలు. అత్తమ్మ ఏడవచ్చు. జాతకం చూపిద్దామనవచ్చు, ఊరికి వచ్చేయమనవచ్చు. వాదించకండి. ఆమె చేయగలిగింది ఆమె చేస్తోంది. ‘సంక్రాంతికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం’ అంటే సరిపోతుంది. చెప్పిన రోజు ఆయన కుంగినట్టు కనిపించినా, ఆ తర్వాత ఇంటి నుంచి ఫోను వస్తే ఉలిక్కిపడరు.

ఒక విషయం మాత్రం మీరు కనిపెట్టి ఉండాలి. రెండు వారాలకు పైగా తిండి, నిద్ర దెబ్బతినడం, బాబుతో కూడా ఆడకపోవడం, తాగుడు పెరగడం, ‘నేను లేకపోతే మీకే బాగుంటుంది’ లాంటి మాట, ఉన్నట్టుండి ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో చెప్పడం. వీటిలో ఏది కనబడినా ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. హోసూరు రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్‌హాన్స్ మీ ఊళ్లోనే ఉంది, రాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లవచ్చు. మీకు నిద్ర పట్టడం లేదన్నారు. అదే 14416కు మీరు మీ కోసం కూడా చేయవచ్చు.

ఇంకోసారి ఉద్యోగం ఇవ్వలేమనే ‘రిగ్రెట్’ మెయిల్ వచ్చిన రోజు ఏం చేయాలో ముందే అనుకుని ఉండండి. ఆ రోజు సలహాలు వద్దు, ‘ఇంకా మంచిది వస్తుంది’ అన్న మాటా వద్దు. ‘ఇంత దూరం వెళ్లి ఆగిపోయింది, నాకూ బాధగానే ఉంది’ అని పక్కన కూర్చోండి. సాయంత్రం ముగ్గురూ కలిసి కాసేపు నడిచి రండి. మర్నాడు పొద్దున, బాబును బస్సెక్కించి వచ్చాక, ఇంటర్వ్యూలో ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో ఆయన రెండు వాక్యాల్లో నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఆ పుస్తకం ఆదివారం అరగంటలో తెరిస్తే చాలు.