జేట్యాగ్ దారిలో ఎక్కించిన ప్రోగ్రాముకు తాళం ఎప్పుడు వేయాలి?

ప్రశ్న: మాది వ్యవసాయ మోటార్లకు మొబైల్ స్టార్టర్లు తయారుచేసే చిన్న యూనిట్. బోర్డు మీది ఎస్‌టీఎం32ఎఫ్407 చిప్పులోకి జేట్యాగ్ (చిప్పును బయటి నుంచి చేరుకునే తీగల దారి) ద్వారా ప్రోగ్రాం ఎక్కిస్తాము. ఎవరైనా మా బోర్డు కొని ఆ ప్రోగ్రామును కాపీ చేసుకుంటారేమోనని భయంగా ఉంది. చిప్పులోని ప్రోగ్రామును బయటివాళ్లు చదవకుండా ఆపే తాళంలో రెండో స్థాయి రక్షణ పెడితే ఎవరూ చదవలేరని విన్నాము. వెంటనే పెట్టవచ్చా? ఈ మధ్య కొన్ని బోర్డులను ప్రోగ్రామరు అసలు గుర్తించడం లేదు. వాటికి తాళం పడిపోయినట్టేనా?
— ఒక పాఠకుడు, చర్లపల్లి

జవాబు: వెంటనే పెట్టవద్దండి. రెండో స్థాయి ఒకసారి పెట్టాక దాన్ని తీసే మార్గం మీకే కాదు, చిప్పు తయారుచేసిన సంస్థకు కూడా ఉండదు. రక్షణ స్థాయిని ఒకే ఒక్క బైటు నిర్ణయిస్తుంది: అందులో హెక్సా (పదహారు అంకెల లెక్క) విలువ ఏఏ ఉంటే చిప్పు తెరిచి ఉన్నట్టు, అంటే సున్నా స్థాయి; సీసీ ఉంటే శాశ్వతంగా మూసినట్టు, అంటే రెండో స్థాయి; మరే విలువ ఉన్నా మొదటి స్థాయి. ఒక వర్క్‌షాపులో స్క్రిప్టులో ఆ బైటు తప్పు పడి, పరీక్షలు కూడా పూర్తికాని ఇరవై బోర్డులు బల్ల మీదే మూసుకుపోవడం నేను కళ్లారా చూశాను. హాట్ ఎయిర్‌తో చిప్పులు ఊడదీసి కొత్తవి సోల్డరు చేయడం తప్ప వాళ్లకు మరో దారి లేకపోయింది.

జేట్యాగ్ పుట్టింది ప్రోగ్రాం ఎక్కించడానికి కాదు, బోర్డు మీద సోల్డరు అతుకులు సరిగా ఉన్నాయో లేదో చూడడానికి. 1985లో ఏర్పడిన బృందం చేసిన పని 1990లో ఐఈఈఈ 1149.1 ప్రమాణమైంది. నాలుగు తీగలతో చిప్పు లోపలికి చేరగలిగే ఆ దారిలోనే తరువాత ఫ్లాష్‌ను (ప్రోగ్రాం నిలిచి ఉండే మెమరీని) చెరపడం, రాయడం, చదవడం మొదలయ్యాయి కాబట్టి, మీరు ప్రోగ్రాం ఎక్కించిన దారే కాపీ చేసేవాడికీ దారి అవుతుంది.

ప్రస్తుతానికి మొదటి స్థాయి పెట్టండి. డీబగ్గరు (జేట్యాగ్ దారిలో చిప్పు లోపలికి చూసే పరికరం) తగిలించి ఉన్నంతసేపు ఫ్లాష్‌ను చదవనివ్వదు; రక్షణ తీసేయాలని ఎవరైనా సున్నా స్థాయికి దించితే ముందు ఫ్లాష్ మొత్తం చెరిగిపోతుంది, కాబట్టి వాడి చేతికి ఖాళీ చిప్పే దక్కుతుంది. రిపేరుకు వచ్చిన బోర్డును మాత్రం మీరు చెరిపి, మళ్లీ ప్రోగ్రాం ఎక్కించుకోవచ్చు. తాళం వేశాక పోల్చి చూసుకునే వీలుండదు కనుక, రాసినదంతా తిరిగి చదివి సరిచూసుకున్న తరువాతే రక్షణ పెట్టండి; ఆపై కరెంటు పూర్తిగా తీసి, మళ్లీ ఇచ్చి, ఫ్లాష్ చదవడానికి మీరే ఒకసారి ప్రయత్నించి, రావడం లేదని నిర్ధారించుకోండి.

రెండో స్థాయికి వెళ్లాలంటే ముందు మీ సొంత బూట్‌లోడరు (చిప్పు మొదలవగానే నడిచి, కొత్త ప్రోగ్రామును లోపలికి తీసుకునే చిన్న ప్రోగ్రాం) సిద్ధంగా ఉండాలి. ఆ స్థాయిలో జేట్యాగ్, చిప్పుతో వచ్చే బూట్‌లోడరు రెండూ మూతపడినా, ఫ్లాష్‌లో నడుస్తున్న మీ ప్రోగ్రాం అదే ఫ్లాష్‌లోని మిగతా సెక్టార్లను చెరిపి రాయగలదు. మొదటి 16 కిలోబైట్ల సెక్టార్లు ఒకటి రెండింటిలో బూట్‌లోడరు ఉంచి, వాటికి రాత రక్షణ పెట్టి, డిజిటల్ సంతకం సరిపోయిన ప్రోగ్రామునే అది అంగీకరించేలా చూడండి. సంతకం సరిచూడడానికి బయటపడినా ఫర్వాలేని పబ్లిక్ కీ చాలు. సంతకం చేసే రహస్య కీ మీ ఆఫీసు దాటి వెళ్లనక్కర్లేదు. పొలాల దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కనుక పాత ప్రోగ్రామును చెరిపి ఆ చోటే కొత్తది రాసే పద్ధతి మీ పరికరానికి పనికిరాదు. చిప్పులో ఒక మెగాబైటు చోటుంటే రెండింటినీ పక్కపక్కనే ఉంచి, కొత్తది పూర్తిగా చేరాకే దానికి మారవచ్చు.

ఇంతా చేసినా రెండో స్థాయి దుర్భేద్యమని అనుకోవద్దు. 2018 డిసెంబరులో జర్మనీలోని లైప్‌జిగ్‌లో జరిగిన సదస్సులో పరిశోధకులు, ఇదే కుటుంబానికి చెందిన ఎఫ్205 చిప్పు వాడే ట్రెజర్ వన్ వాలెట్‌లో (క్రిప్టో కరెన్సీ కీలను దాచే పరికరంలో) సరైన క్షణానికి విద్యుత్తును కుదిపి, రెండో స్థాయిని మొదటి స్థాయికి దించి చూపించారు. అందుకే సర్వరుతో మాట్లాడే కీ అన్ని స్టార్టర్లలోనూ ఒకటే ఉండకూడదు. బోర్డుకొకటి వేరుగా ఉంటే ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయి. బోర్డు మీద విడిగా ఎనిమిది కాళ్ల ఎస్‌పీఐ ఫ్లాష్ ఉంటే దానికి ఈ తాళం వర్తించనే వర్తించదు. క్లిప్పు తగిలించి ఎవరైనా చదువుకోవచ్చు.

గుర్తించని బోర్డుల విషయంలో నా అనుమానం తాళం మీద కాదు. మీ ప్రోగ్రాం జేట్యాగ్ తీగలు తగిలే పీఏ13, పీఏ14 పిన్నులను రిలేకో, ఎల్‌ఈడీకో వాడుకుంటే, అది మొదలైన మరుక్షణం ప్రోగ్రామరుకు దారి మూసుకుపోతుంది. రీసెట్ పిన్నును గ్రౌండుకు పట్టి ఉంచి, కనెక్ట్ నొక్కిన వెంటనే వదలండి. లేదా ప్రోగ్రామరు రీసెట్ తీగ కూడా కలిపి, రీసెట్‌లో ఉండగానే కనెక్ట్ అయ్యే సెట్టింగు వాడండి. చాలావరకు దొరుకుతాయి. పిన్నులు చాలకపోతే పీఏ15, పీబీ3, పీబీ4లను మీ పనికి వాడుకుని, ప్రోగ్రామరును పీఏ13, పీఏ14 అనే రెండు పిన్నులతోనే పనిచేసే ఎస్‌డబ్ల్యూడీ (సీరియల్ వైర్ డీబగ్) పద్ధతికి మార్చుకోండి.