టూ ఇన్ వన్ కొనే ముందు పెన్ను పట్టి చూడండి

ప్రశ్న: కథలకు బొమ్మలు వేస్తాను. ఇప్పటిదాకా కాగితం మీద ఇంకుతో వేసి, ఫోన్‌తో స్కాన్ చేసి పంపిస్తున్నాను. ఇక తెర మీదే వెయ్యాలనుంది. పగలు మా షాపులో పెళ్లి కార్డుల డిజైను, జీఎస్టీ లెక్కలు కూడా అదే మెషిన్ మీద చూసుకోవాలి. 80 వేల దాకా పెట్టగలను. ఒక షాపులో ఐ7 అని, తెర 360 డిగ్రీలు తిరుగుతుందని ఒక టూ ఇన్ వన్ (ల్యాప్‌టాప్‌లానూ, టాబ్లెట్‌లానూ వాడుకునే మెషిన్) చూపించారు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: షాపువాళ్లు ప్రాసెసర్ పేరు చెప్పారు, తెర తిరుగుతుందని చెప్పారు. పెన్ను మాట మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. బొమ్మలు వేసేవాళ్లకి అన్నిటికంటే ముందు తేలాల్సింది అదే, కాబట్టి అది తేలేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి టూ ఇన్ వన్ కొన్నప్పుడు టచ్ ఉంది కదా, పెన్ను తర్వాత కొనుక్కోవచ్చులే అనుకున్నాను. నెల తర్వాత కొన్న పెన్నుతో దాని మీద ఒక్క గీత పడలేదు. షాపుకి తీసుకెళ్తే "టచ్ ఉందన్నాం గానీ ఈ పెన్ను పనిచేస్తుందని మేం అనలేదు కదా" అన్నారు. వేలికి స్పందించే తెరలన్నీ ఒత్తిడిని పట్టే పెన్నుకి స్పందించవు. ఆ ముక్క అమ్మేటప్పుడే చెప్పి ఉంటే నాకు ఆ డబ్బు మిగిలేది.

ఇలాంటి పెన్నుల్లో ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. ఈఎంఆర్ పెన్నుకి బ్యాటరీ ఉండదు, తెర నుంచే దానికి శక్తి అందుతుంది. శాంసంగ్ ఎస్ పెన్ ఈ రకం. ఏఈఎస్ అనేది పెన్ టాబ్లెట్ల కంపెనీ వాకమ్ తెచ్చిన ఇంకో పద్ధతి, ఎంపీపీ మైక్రోసాఫ్ట్‌ది, ఈ రెండిట్లోనూ పెన్నులో బ్యాటరీ ఉంటుంది. ఒక పద్ధతి పెన్ను ఇంకో పద్ధతి తెర మీద పనిచేయదు (రెండిటికీ సరిపోయేలా చేసిన పెన్నులు కొన్ని ఉన్నాయి, అవి తప్ప). ఒకే కంపెనీలో కూడా ఒక మోడల్‌కి ఒక పద్ధతి, ఇంకో మోడల్‌కి ఇంకోటి ఉండొచ్చు. అందుకే బ్రాండు చూసి కాకుండా, మీరు కొనే మోడల్ నంబరుకి ఏ పెన్ను సరిపోతుందో కంపెనీ సైట్‌లో చూసుకోండి. కొన్ని పెన్నులకు ఏఏఏఏ అనే సన్నటి బ్యాటరీ కావాలి, చిన్న ఊళ్లలో దాని కోసం నాలుగు షాపులు తిరగాల్సి వస్తుంది. మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే పెన్ను దొరికితే ఆ బాధ ఉండదు.

అన్నీ సరిపోయాక షాపులో అరగంట కూర్చుని గీసి చూడండి. మొహమాటపడొద్దు, 80 వేలు పెట్టేది మీరు. ముందు ఒక స్కేలు తెర మీద ఏటవాలుగా పెట్టి, దాని వెంబడి బాగా నెమ్మదిగా గీత గీయండి. గీత పాములా వంకర్లు పోతే ఆ తెర మీ పనికి రాదు. వేగంగా గీస్తే ఈ లోపం కనబడదు, షాపువాళ్లు చూపించేటప్పుడు ఎప్పుడూ చకచకా గీసేస్తారు. తర్వాత చుక్కలు పెట్టి ఒక మెలికల ముగ్గు వెయ్యండి. మెలిక తిరిగే చోట పెన్ను మొన ఒకచోట, గీత ఇంకోచోట పడుతోందా, తెర అంచుల దగ్గర గీత పక్కకి జరుగుతోందా అన్నది ముగ్గులో ఇట్టే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆనీ ఆనకుండా గీయండి. కొన్ని పెన్నులు గట్టిగా నొక్కితే గానీ మొదలవ్వవు, వాటితో బొమ్మలో కంటిరెప్పలు, వెంట్రుకలు సన్నగా రావు. చివరగా అరచెయ్యి తెర మీద పూర్తిగా ఆనించి ఱ, క్షీ, జ్ఞా లాంటివి రాయండి. చెయ్యి తగిలినచోట మచ్చలు పడకూడదు.

4096 ఒత్తిడి స్థాయిలు అని పెట్టె మీద రాసిన అంకెకి మరీ పడిపోకండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల టూ ఇన్ వన్ సర్ఫేస్ ప్రో 2లో వాకమ్ పెన్నుకి 1024 స్థాయిలుండేవి, 2014లో వచ్చిన సర్ఫేస్ ప్రో 3లో ఎన్-ట్రిగ్ అనే ఇంకో కంపెనీ పెన్ను పెట్టి వాటిని 256కి దించారు. చాలామంది ఆర్టిస్టులు అప్పట్లో గొడవపెట్టారు గానీ దాని మీద చక్కటి పని చేసినవాళ్లూ ఉన్నారు. అంకె ఎంతున్నా, ఒత్తిడికి తగ్గట్టు గీత సన్నం నుంచి లావుకి సాఫీగా వెళ్తోందా లేదా అన్నదే ముఖ్యం.

ఇక తెర. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పడానికి ఎన్‌టీఎస్‌సీ, ఎస్ఆర్‌జీబీ అని కొలతలుంటాయి. వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే వదిలేయండి. దాని మీద పసుపు, కుంకుమ రంగులు వెలిసిపోయినట్టు కనబడతాయి, మీరు అది చూసి రంగు పెంచుతారు, ప్రింటులో ఇంకేదో వస్తుంది. పెళ్లి కార్డుల పని చేసేవాళ్లకి 100 శాతం ఎస్ఆర్‌జీబీ కనీస అవసరం. ర్యామ్ 16 జీబీ తీసుకోండి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తెరిస్తే దాదాపు 87 లక్షల పిక్సెళ్లు, ఒక్కో లేయరుకి (బొమ్మలో ఒకదాని మీద ఒకటి వేసే పొర) సుమారు 35 ఎంబీ, నలభై లేయర్లంటే 1.4 జీబీ, దాని మీద అన్‌డూ హిస్టరీ, పక్కన బ్రౌజర్, ట్యాలీ. ఈ రకం మెషిన్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకుందామంటే కుదరదు. ఐ7, 8 జీబీ కంటే ఐ5, 16 జీబీ మీకు నయం.

ఆ మెషిన్ గీత పరీక్షలో నెగ్గకపోతే నా సలహా ఇది: మంచి తెర ఉన్న మామూలు ల్యాప్‌టాప్, దానికి తోడు నాలుగైదు వేలలో యూఎస్‌బీ పెన్ టాబ్లెట్ (తెర లేని పలక, దాని మీద గీస్తే గీత ల్యాప్‌టాప్ తెర మీద పడుతుంది). చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట కాబట్టి మొదట చిరాకేస్తుంది, రోజూ వేస్తే కొన్ని వారాల్లో అలవాటవుతుంది. వణికే తెర మాత్రం ఎన్నేళ్లు వాడినా వణుకుతూనే ఉంటుంది. బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ క్రిటా ఉచితం, ముందు దానితో మొదలుపెట్టండి. ఒత్తిడి పనిచేయకపోతే పెన్ను పాడైందని టెన్షన్ పడకండి, క్రిటా సెట్టింగుల్లో టాబ్లెట్ దగ్గర విన్‌టాబ్, విండోస్ ఇంక్ అని రెండుంటాయి, ఒకటి మార్చి ఇంకోటి పెట్టి, క్రిటాని మూసి మళ్లీ తెరిచి చూడండి.

ప్రశ్న: అందరూ ఐప్యాడ్ తీసుకోమంటున్నారు. కీబోర్డు పెడితే అదే ల్యాప్‌టాప్ అయిపోతుంది కదా?
- ఒక డీటీపీ ఆపరేటర్, హనుమకొండ

జవాబు: గీయడానికి ఐప్యాడ్, యాపిల్ పెన్సిల్ జోడీ చాలా బాగుంటుంది, అందులో నాకు సందేహం లేదు. బొమ్మలు వేసే ప్రొక్రియేట్ యాప్ కావాలంటే ఐప్యాడ్ తప్ప దారి లేదు కూడా. కానీ మీరు డీటీపీ చేస్తారు. అను ఫాంట్లతో ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లు, వాటితో టైపు చేయించే ఆ స్క్రిప్ట్ మేనేజర్, పేజీలు పెట్టే పేజ్‌మేకర్, అన్నీ విండోస్‌లోవి. ఐప్యాడ్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కదు, పాత ఫైలు తెరిచి ఒక పేరు మార్చి ఇమ్మని కస్టమర్ నిలబడితే మీరు మళ్లీ పాత కంప్యూటర్ దగ్గరికే పరిగెత్తాలి. మీకు విండోస్ మెషినే కావాలి, అందులోనూ స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్నది కొనేముందు జాగ్రత్త: పాత ప్రోగ్రాములు చాలావరకు నడిచినా, ఇంటెల్ కోసం రాసిన పాత డ్రైవర్లు వాటిలో నడవవు. డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవడానికి పెట్టే తాళంలాంటి ప్లగ్గు), పాత ప్రింటర్, పాత స్కానర్ ఉన్నవాళ్లు ఇంటెల్ గానీ ఏఎండీ గానీ తీసుకోవడం మంచిది.

అను ఫాంట్లు వదిలి, అన్నిచోట్లా చదవగలిగే యూనికోడ్ తెలుగుకి మారే ఆలోచన ఉంటే ఒక మాట. ఫొటోషాప్‌లో తెలుగు వత్తులు విడిపోతుంటే ఫాంటుని తిట్టుకోకండి, టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి.

ప్రశ్న: 360 డిగ్రీలు తిరిగేది మంచిదా, కీబోర్డు ఊడొచ్చేది మంచిదా?
- బీఎఫ్ఏ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: మీరు ఎక్కడ కూర్చుని వేస్తారు? తిరిగే రకం ఒళ్లో పెట్టుకుని టైపు చేయడానికి గట్టిగా ఉంటుంది, కానీ టాబ్లెట్‌గా మడిస్తే కీబోర్డు బరువు కూడా చేతి మీదే, కిలోంబావు పైనే. నిలబడి స్కెచ్ వేయడం కుదరదు, బల్ల మీద పెట్టుకోవాల్సిందే. ఊడొచ్చే రకం తేలిక, ఆర్కే బీచ్‌లో కూర్చుని స్కెచ్‌లు వేయాలంటే అదే బాగుంటుంది, కాకపోతే వెనక స్టాండు ఒళ్లో నిలవదు, బస్సులో టైపు చేయడం నరకం. కీబోర్డు, పెన్ను చాలాసార్లు విడిగా కొనాలి, ఆ మొత్తం కలిపి ధర చూసుకోండి. ఏదైనా సరే పరుపు మీద, దిండు మీద పెట్టి వెయ్యకండి, గాలి రంధ్రాలు మూసుకుపోయి చెయ్యి కాలేంత వేడెక్కుతుంది.

ప్రశ్న: పాత సర్ఫేస్ ప్రో పాతిక వేలకి వస్తోంది. తీసుకోనా?
- విజయనగరం నుంచి

జవాబు: ఏ సంవత్సరంది? విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2017లో వచ్చిన సర్ఫేస్ ప్రోలో ఉన్నది ఏడో తరం ఇంటెల్, దానికి విండోస్ 11 అధికారికంగా రాదు. 2018లో వచ్చిన ప్రో 6, ఆ తర్వాతివి అయితేనే ఆలోచించండి. తెరని పక్కనుంచి వెలుతురులో చూడండి, అంచు కొంచెం పైకి లేచినట్టుంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. తెర విప్పితే గానీ బ్యాటరీ మార్చలేరు, విప్పేటప్పుడు తెర పగిలే ప్రమాదం ఎక్కువ. అలాంటిది పదివేలకిచ్చినా వద్దు.

ప్రశ్న: మా చెల్లి బొమ్మలు వేస్తుంది. వచ్చే నెల ఇండియా వస్తున్నాను, ఇక్కడ కొని తేనా?
- ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: కరెంటుతో ఇబ్బంది లేదు, చార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మార్చుకుంటే చాలు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ని కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అసలు చిక్కు వారంటీ. ఆ మోడల్‌కి ఇండియాలో వారంటీ చెల్లుతుందా అని కొనకముందే కంపెనీని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఈ మెషిన్లలో అద్దం, టచ్, తెర కలిపి అతికి ఉంటాయి, గాజు పగిలితే మొత్తం మార్చాల్సిందే, ఆ బిల్లు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. అమెరికాలో, ఇండియాలో ధరల తేడా తక్కువే ఉంటే ఇండియాలోనే కొనివ్వండి, ప్రమాదవశాత్తూ పగిలినా కవరయ్యే ప్లాన్ కూడా కలిపి. పైగా మీ చెల్లి షాపుకి వెళ్లి తన చేత్తో గీసి చూసుకోవచ్చు.