ఆడకుండా వదిలేసే బ్యాటర్‌కు బౌలర్ జవాబు

ప్రశ్న: అజిత్ అగార్కర్ వన్డేల్లో 288 వికెట్లు తీశాడు. టెస్టుల్లో మాత్రం 58 దగ్గరే ఆగిపోయాడు. టెస్టులకు కావలసిన గుండెనిబ్బరం అతనికి లేదని మా మామయ్య అంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ మామయ్యగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ మాట నేను ఒప్పుకోను. 2003 డిసెంబరు నాటి అడిలైడ్ టెస్టును ఆయనకు గుర్తుచేయండి. మొదటి ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా 556 పరుగులు చేసింది. అందులో పాంటింగ్‌వే 242. అగార్కర్ వందకు పైగా పరుగులిచ్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో అదే పాంటింగ్‌ను సున్నాకే పంపి, 41 పరుగులకు 6 వికెట్లు తీశాడు. ఆస్ట్రేలియా 196కే కుప్పకూలింది. ద్రావిడ్ చేసిన 233, 72 నాటౌట్ అందరికీ గుర్తున్నాయి, ఉండాలి కూడా. కానీ ఆ ఆరు వికెట్లు లేకపోతే ద్రావిడ్ ఛేదించడానికి అందుబాటులో లక్ష్యమే ఉండేది కాదు.

అయినా అంకెలు మీ అనుమానం వైపే ఉన్నాయి. వన్డేల్లో అతనికి సుమారు 33 బంతులకొక వికెట్ దక్కింది. టెస్టుల్లో 84 బంతులు పట్టాయి, సగటు (ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు) 47 దాటింది. 26 టెస్టుల్లో ఇన్నింగ్స్‌కు ఐదు వికెట్లు దాటింది అడిలైడ్‌లోనే.

చెయ్యి అదే, బ్యాటర్‌కు దూరంగా వంగే అవుట్‌స్వింగర్ అదే. మారింది బ్యాటర్ అవసరం. వన్డేలో అతనికి పరుగులు కావాలి కనుక ఆఫ్‌స్టంప్ బయటి బంతిని కూడా వెంటాడతాడు. టెస్టులో బ్యాటు పైకెత్తి వదిలేస్తాడు. అప్పుడు బౌలర్ చేయవలసిన పని ఒక్కటే, మళ్లీ అక్కడే వేయడం. అగార్కర్ ఓవర్‌లో నాలుగైదు బంతులు అద్భుతంగా వేసి, ఒక బంతితో ఫోరు ఇచ్చేవాడు. టెస్టుల్లో ఓవర్‌కు దాదాపు 3.4 పరుగులిచ్చాడంటే కారణం అదే. బ్యాటర్ మీద అంతసేపు పేరుకున్న ఒత్తిడి ఆ ఒక్క ఫోరుతో కరిగిపోతుంది. పైగా అతను పొడగరి కాదు. బంతి పాతబడి స్వింగ్ తగ్గాక, ఎత్తు నుంచి వచ్చే బౌన్స్ ఆదుకునే వీలూ లేదు. ఆస్ట్రేలియా పేసర్ మెక్‌గ్రాత్ వేగంలో మేటి కాదు, కానీ పొడవుకు తోడు గురి తప్పని ఓపిక ఉంది. 22 లోపు సగటుతో 563 వికెట్లు తీశాడు.

ఈ ఓపిక ఎంత కష్టమో నాకు అనుభవమే. జిల్లా లీగుల్లో పదకొండేళ్లు మ్యాటింగ్ (చాప పరిచిన పిచ్) మీద బౌలింగ్ చేశాక, మొదటిసారి టర్ఫ్ (పచ్చిక పిచ్) మీద మూడు రోజుల మ్యాచ్ ఆడాను. రెండో రోజు మధ్యాహ్నం నా మూడో స్పెల్‌లో ఒక ఓపెనర్ వరుసగా వదిలేస్తూ పోయాడు. విసుగొచ్చి కాళ్ల మీదికి వేశాను, ఫోరు. షార్ట్‌గా వేశాను, మరో ఫోరు. ఆట ముగిశాక మా కెప్టెన్ కోప్పడలేదు. "అతను ఆడకపోతే తొందర నీకెందుకు?" అని మాత్రం అడిగారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అగార్కర్ విషయంలో ఇంకొకటి చెప్పాలి. ఆ 26 టెస్టులు 1998 అక్టోబరు నుంచి 2006 జనవరి దాకా చెదురుమదురుగా పడ్డాయి. జట్టులోకి వస్తూ పోతూ ఉండే బౌలర్‌కు ఈ విద్య పట్టుబడడం మరీ కష్టం.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. మంచి వేగం ఉంది. పెద్ద మ్యాచ్‌లకు ఎలా సిద్ధం చేయాలి? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: వేగం గురించి ఇప్పుడు దిగులు వద్దు. 2025లో ఇంగ్లండ్‌తో ఓవల్ టెస్టు చివరి రోజున మన హైదరాబాదీ సిరాజ్ బ్యాటర్ పాదాల దగ్గర పడేలా వేసిన యార్కర్‌ను అబ్బాయికి చూపించండి. అట్కిన్సన్ స్టంప్ ఎగిరింది, భారత్ 6 పరుగులతో గెలిచింది. అది ఆ ఇన్నింగ్స్‌లో సిరాజ్ 31వ ఓవర్. అప్పటికి ఆ సిరీస్‌లో 185 ఓవర్లు వేసి ఉన్నాడు, అయినా గురి తప్పలేదు.

పదహారేళ్ల నడుముకు అంత భారం వద్దు. సాధన చివర్లో, కాళ్లు అలిసిన వేళ, గుడ్‌లెంగ్త్ మీద (బ్యాటర్ ముందుకు రావాలో వెనక్కి వెళ్లాలో తేల్చుకోలేని చోట) ఒక చేతిరుమాలు పరచి పన్నెండు బంతులు వేయమనండి. ఎన్ని దాని మీద పడ్డాయో నోటుపుస్తకంలో రాయించండి. మూడు నెలలయ్యాక ఆ లెక్క నాకు పంపండి.