మంచం కింది తాబేలుకి కంచం పెట్టాలా?

ఆర్కే బీచ్‌లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూసొచ్చిన దగ్గర్నుంచి మీ నాలుగున్నరేళ్ల బాబు మంచం కింద తాబేలుందంటున్నాడు, దానికీ కంచం పెట్టమంటున్నాడు. మీ అత్తగారేమో తాయెత్తు కట్టిద్దామంటున్నారు. ఇదేగా సంగతి?

ఇది గాలీ కాదు, ధూళీ కాదు. ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో మార్జొరీ టేలర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్లలోపు ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఊహా నేస్తం ఉన్న పిల్లలు 65 శాతం. బొమ్మలకి ప్రాణం పోసి ఆడేవాళ్లూ ఆ లెక్కలోనే. "నేనూ ముట్టుకోవచ్చా?" అని అడిగి చూడండి. చాలామంది మన మీద జాలిపడి "ఉత్తుత్తి తాబేలమ్మా" అంటారు.

కంచం పెట్టండి, ఖాళీది. ఏటికొప్పాక లక్కపిడత గిన్నె చాలు. నిజం అన్నం పెడితే చీమలు పడతాయి, పైగా అది తినలేదేమని పేచీ. నీళ్లు ఒలకబోసి "తాబేలు చేసింది" అంటే అబద్ధమని నిలదీయకుండా "సరే, ఇద్దరూ కలిసి తుడవండి" అని గుడ్డ చేతికివ్వండి. ఆటోలో దానికి వేరే సీటు కావాలంటే ఒళ్లో కూర్చోబెట్టుకోమనండి.

అసలు చెడేది పెద్దవాళ్లు తాబేలు తరఫున మాట్లాడినప్పుడు. "పప్పన్నం తినమని తాబేలు చెప్పింది" అన్నది రెండు పూటలు పనిచేస్తుంది. తర్వాత తాబేలు మీ మనిషైపోతుంది, దాని కబుర్లు మీకు చెప్పడం మానేస్తాడు. ఆ కబుర్లే కదా మనకి కావలసింది! "తాబేలుకి స్కూలు బస్సంటే భయం" అంటే ఆ భయం వాడిదే కావచ్చు. "ఎందుకట?" అని ఒక్క మాట అడిగి వినండి. చుట్టాల ముందు మాత్రం "చూపించరా" అని ఆడించొద్దు.

బదులుగా నిజం తాబేల్ని కొనిద్దామనుకుంటే మానుకోండి. నక్షత్ర తాబేల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

తాబేలు కొట్టమంటోందని, పొమ్మన్నా పోవట్లేదని భయపడుతుంటే, తోటి పిల్లలతో ఆట పూర్తిగా మానేస్తే, వచ్చిన మాటలు తగ్గిపోతుంటే పిల్లల డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసినా ఉచితంగా సలహా ఇస్తారు. జ్వరంలో లేనివి కనిపిస్తున్నాయంటే అది వేరే, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తాయెత్తంటారా, పెద్దావిడ మనసు కుదుటపడుతుందంటే కట్టనివ్వండి. "వీడికేదో పట్టింది" అన్న మాట మాత్రం వాడి చెవిన పడనివ్వకండి.